బదిలీ కోరిన అర్జీ

ప్రభుత్వోద్యోగిని ఉద్యోగం నుండి తొలగించడం తేలిక కాదు. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం సాధారణంగా అతనిపై గల ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, అతని సమాధానం వినాలి. బదిలీకి అంత తతంగం లేదు. అందుచేత గిట్టని అధికారిని వదిలించుకోదలచినవారు బదిలీనే కోరుతారు. కోరాపుట్ జిల్లాలో ఒకప్పుడు అదే జరిగింది.

రాయగడ అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 1992లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు. అక్కడ గోపీనాథ మహంతి అనే ఒడియా రచయిత ప్రభుత్వాధికారిగా పనిచేసేవారు. కొండల్లో తిరిగి, అక్కడివారి భాషలు నేర్చిన మనిషి. 1945లో వెలువడిన ఆయన ‘పరజా’ నవలలో సుక్రు జాని అనే రైతు అటవీశాఖ జరిమానా కట్టడానికి అప్పుచేస్తాడు. ఆ అప్పు తీర్చలేక కొడుకుతో సహా షావుకారుకు వెట్టివాడవుతాడు.

ఇటువంటి కథ రాసినవాడే అధికారిగా కూర్చుంటే షావుకార్లకు నిద్ర పడుతుందా? 1953లో భూస్వాములు, వడ్డీ వ్యాపారులు కలిసి ఆయనను బదిలీ చేయవలసిందని ప్రధాని నెహ్రూకు అర్జీ పెట్టుకున్నారు. ఆయనకు కొండవారంటేనే ప్రీతి, తానూ కొండవానిలాగే మసలుతాడు, మిగతావారిని గౌరవించడు – ఇదీ వారి మొర. నిందగా రాసిన ఆ మాటలు ఇప్పుడు చదివితే యోగ్యతాపత్రంలా ఉంటాయి!

మహంతి 1969 దాకా ఉద్యోగంలో కొనసాగారు. 1973లో జ్ఞానపీఠ పురస్కారం పొందారు. ఉన్నతాధికారులను ఒక్కో పదవిలో కనీసం కొంతకాలమైనా ఉంచాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది మాత్రం 2013లో.