దేవుని స్వరము వినుట నేర్చుకొనుట

చదువవలసిన వేదభాగములు: 1 సమూయేలు 3:1–18, 1 రాజులు 19:9–18, ఆదికాండము 13వ అధ్యాయము.



హైదరాబాదునకు తూర్పుదిక్కున, హబ్సిగూడనుండి ఉప్పలునకు పోవు పెద్దదారి ప్రక్కను జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. అది 1961వ సంవత్సరమున స్థాపింపబడినది. భూకంపములను గూర్చి పరిశోధించు విద్వాంసులు అక్కడ పనిచేయుదురు. నేను నాచారములోని ఒక కార్ఖానాలో పనికి చేరిన దినములలో ఆ గోడ ప్రక్కగా బస్సులో ఎన్నిమారులు పోతినో లెక్కలేదు గాని, లోపల ఏమి జరుగునో ఒక్కనాడైనను విచారింపలేదు. చాలకాలమునకు తెలిసినవారు చెప్పగా వింటిని.

భూకంపమును కనిపెట్టు యంత్రమునందు ఒక బరువును స్ప్రింగుతో వ్రేలాడదీయుదురు. నేల కదలినప్పుడు యంత్రపు చట్రము నేలతోకూడ కదలును. ఆ బరువు మాత్రము తానున్న చోటనే నిలిచియుండ జూచును. ఈ రెండింటికి నడుమ కలుగు తేడాయే భూమి కదలికయని యంత్రము వ్రాసికొనును. ఇప్పటి యంత్రములు మిక్కిలి సున్నితమైనవి, అయినను మూలసూత్రము ఇదియే. నిలిచియుండు వస్తువొకటి లోపల లేనియెడల కదలిక తెలియనే తెలియదు. లారీలు, రైళ్లు, గాలికి ఊగు చెట్లు, మనుష్యుల అడుగుల చప్పుడు సహితము ఆ వ్రాతను చెరుపును. అందుచేత సాధ్యమైనంతవరకు అలికిడి లేని చోట, గట్టి రాతినేలమీద ఆ యంత్రమును ఉంచుదురు. ఉప్పలు దారిమీద 2017వ సంవత్సరమునుండి మెట్రో రైలు కూడ నడచుచున్నది. ఆ సంస్థ పేరుననే ఒక స్టేషను ఉన్నది. అంత రొదలో ప్రయాణము చేయు మనకు నేలలోని చిన్న వణకు ఎట్లు తెలియును?

1993 సెప్టెంబరు 30వ తేదీన, తెల్లవారకమునుపే, మహారాష్ట్రములోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూమి కంపించి వేలకొలది జనులు ఇండ్లక్రిందపడి మరణించిరి. హైదరాబాదులో కూడ ఆ కంపము తెలిసినది. అట్టిదానికి యంత్రము అక్కరలేదు, అందరును మేల్కొందురు. గాని లోకములో దినదినము కలుగుచున్న కంపములలో అధికభాగము మనుష్యునికి తెలియనివే.

దేవుడు మాటలాడుటలేదని అనేకులు చెప్పుదురు. వారు కనిపెట్టుచున్నది కిల్లారివంటి గొప్ప కంపముకొరకేమో! ఏలీయా యెజెబెలునకు భయపడి పారిపోయి హోరేబు గుహలో దాగియున్నప్పుడు పెనుగాలి వచ్చెను, భూకంపము కలిగెను, అగ్నియు వచ్చెను. వాటిలో దేనిలోను ప్రభువు లేడని గ్రంథకర్త మూడుమారులు చెప్పుచున్నాడు. తరువాతనే మెల్లని స్వరమొకటి వినబడెను.

ఈ కథను బోధించువారు సాధారణముగా ఇక్కడనే ఆగుదురు. మీరు ఆగక, ఏలీయా ఇచ్చిన జవాబును కూడ చదువుడి. ఇక్కడ నీకేమి పని యని దేవుడు గాలికి ముందు ఒకసారి, ఆ మెల్లని స్వరము తరువాత మరియొకసారి అడిగెను. ఏలీయా రెండుమారులును ఒకే జవాబు, అవే మాటలతో చెప్పెను (10, 14 వచనములు). నడుమ పర్వతములు బ్రద్దలైనను అతని మాటలో మార్పు లేదు! మన ప్రార్థనయు తరచుగా ఇట్టిదే. మండల కార్యాలయమునకు అర్జీ పట్టుకొని పోయినవాడు దానిని బల్లమీద ఉంచి, రసీదు తీసికొని, వెంటనే ఇంటికి వచ్చును. ఆఫీసరు ఏమి చెప్పునో వినవలెనని అక్కడ కూర్చుండడు. మనము మోకాళ్లూని, నిన్న చెప్పిన మాటలనే మరల చెప్పి, ఆమేన్ అని లేచిపోదుము. ఏలీయా అర్జీని దేవుడు కోపింపక వినెను గాని, దానిని అంగీకరింపలేదు. తాను ఒక్కడనే మిగిలితినని అతడు చెప్పగా, ఏడువేలమంది ఉన్నారని చెప్పి అతనికి పని అప్పగించెను.

హబక్కూకు ప్రవక్త తన మొర చెప్పుకొని, కావలిచోట నిలిచి, దేవుడేమి సెలవిచ్చునో కనిపెట్టియుండెను (హబ. 2:1). మన రైతులకు ఇది చక్కగా తెలిసిన పని. జొన్నచేను కంకివేసినప్పుడు మంచెమీద రాత్రియంతయు కూర్చుండువానిని అడుగుడి. క్రొత్తగా మంచె ఎక్కిన పిల్లవాడు గాలికి ఆకు గలగలలాడినను అడవిపంది వచ్చినదని కేకవేయును. పంది నిజముగా వచ్చినప్పుడు నిద్రపోవును. అనుభవముగల ముసలివాడు గాలి చప్పుడేదో, పంది చేనులో దూరిన చప్పుడేదో కన్ను తెరువకయే చెప్పగలడు. ఈ జ్ఞానమును అతనికి ఎవరును పుస్తకములో వ్రాసి ఇయ్యలేదు. ఎన్నో రాత్రులు కూర్చుండి నేర్చుకొన్నాడు.

సమూయేలు మంచె ఎక్కిన పిల్లవానివంటివాడు. అతడు మందిరములో, మందసమున్న చోటనే పండుకొనెడివాడు. దినమెల్ల దేవుని సేవలోనే ఉండెడివాడు. అయినను దేవుడు పేరుపెట్టి పిలిచినప్పుడు ఏలీ పిలిచెనని మూడుమారులు పరుగెత్తెను. మందిరములో ఉండుట వేరు, మందిరపు ప్రభువు స్వరము గుర్తెరుగుట వేరు. అతనికి నేర్పినది ఎవరు? కన్నులు మందగించినవాడు, కుమారులను అదుపులో పెట్టలేకపోయినవాడు, దేవుని తీర్పునకు లోనైయున్నవాడు అయిన ఏలీయే. తనకు ఆ పిలుపు రాకపోయినను, పిల్లవానికి వచ్చినది ఎవరి పిలుపో ఆ ముసలివాడు గ్రహించెను. సంఘములోని వృద్ధులయందు లోపములున్నవని వారి మాటను త్రోసివేయు యౌవనస్థులు ఈ సంగతిని మరల చదువవలెను.

ఏలీ నేర్పిన జవాబులో దేవుని నామమున్నది. సమూయేలు నిజముగా చెప్పినప్పుడు ఆ నామమును విడిచి తక్కినది మాత్రమే పలికెను. భయముచేతనో, ఎవరు పిలుచుచున్నారో ఇంకను నిశ్చయము లేకనో! అంత తడబడిన జవాబునైనను దేవుడు అంగీకరించి మాటలాడెను. ఆయన చెప్పినది సమూయేలునకు సంతోషకరమైనది కాదు. తనను పెంచిన ఏలీ యింటిమీదికి రాబోవు తీర్పును పిల్లవాడు వినవలసివచ్చెను. తెల్లవారువరకు పండుకొని, లేచి, మందిరపు తలుపులు తీసి, ఆ మాట చెప్పుటకు వెరచెను. మనకు వినబడినదని చెప్పుకొను స్వరము ఎల్లప్పుడును మనకు ఇష్టమైనదే చెప్పుచున్నయెడల, అది ఎవరి స్వరమో అనుమానింపవలసియున్నది. డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనలో వాగ్దాన వాక్యముల పెట్టెనుండి చీటీ తీసికొను వాడుక మన సంఘములలో అనేకచోట్ల కలదు. అది తప్పని నేను చెప్పను. అయితే ఆ పెట్టెలో గద్దింపు వాక్యము వచ్చినవారు మీలో ఎవరైన ఉన్నారా?

ఇక్కడ నా తప్పును ఒప్పుకొనవలెను. మాది డోర్నకలు ప్రాంతపు పల్లె. 1986వ సంవత్సరమున, మా తండ్రి గతించిన తరువాత, ఊరిలోని రెండెకరములు అమ్మి ఉప్పలు దగ్గర ఇంటిస్థలము కొనవలెనని నాకు ఆశ పుట్టెను. ప్రార్థన చేసితిని. ప్రార్థన అని చెప్పుచున్నాను గాని, నా మనస్సులో బేరము అప్పటికే కుదిరియుండెను. కన్నులు మూసికొని బైబిలు తెరచి వ్రేలు పెట్టగా ఆదికాండము 13వ అధ్యాయము 14, 15 వచనములు వచ్చెను. కన్నులెత్తి చూడుమనియు, కనబడు దేశమంతయు ఇచ్చెదననియు దేవుడు అబ్రాముతో చెప్పిన మాటలవి. ఇంతకంటె స్పష్టముగా ప్రభువు ఎట్లు మాటలాడును అనుకొంటిని.

మా తల్లికి అక్షరము రాదు. నేను సంతోషముతో చదివి వినిపించగా ఆమె కొంతసేపు ఊరకుండి, "లోతు గూడ కండ్లెత్తి చూచినాడు గద, బిడ్డా" అనెను.

నాకు కోపము వచ్చెను. "నీకు చదువు రాదమ్మా, చదివి చెప్పుచున్నవాడను నేను" అంటిని. ఆమె మారుమాట చెప్పక కాగితముమీద వ్రేలిముద్ర వేసెను. నేను కొన్న స్థలము అంతకుముందే మరియొకరికి అమ్మబడియుండెను. కోర్టుచుట్టు కొన్ని యేండ్లు తిరిగితిని. స్థలము రాలేదు, సొమ్మును రాలేదు. పల్లెలో చేను పోయెను గనుక తల్లిని నాచారములోని అద్దెగదికి తీసికొని వచ్చితిని.

మీ బైబిలు తెరచి అదే అధ్యాయము పదవ వచనము చూడుడి. లోతు కన్నులెత్తి యొర్దాను మైదానము నీళ్లు పారుచున్నదని చూచి దానిని కోరుకొనెను. సొదొమవరకు తన గుడారము వేసికొనెను. దేవుడు అబ్రాముతో మాటలాడినది లోతు విడిపోయిన తరువాతనే. అబ్రాము ఏరుకొనలేదు, మిగిలినదానిని తీసికొనెను. నా వ్రేలు పడిన వచనము సత్యమే. దానికి నాలుగు వచనముల పైన నా బొమ్మ ఉన్నది. నేను దానిని చదువలేదు, ఆమె వినియున్నది.

ఎప్పుడు వినెను? డోర్నకలు బిషప్పుగానుండిన అజరయ్యగారిని గూర్చి పెద్దలు చెప్పగా మీరు వినియుందురు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909వ సంవత్సరమున, ముప్పదియైదేండ్ల ప్రాయమున, డోర్నకలు వచ్చి తెలుగు నేర్చుకొనెను. 1912 డిసెంబరు 29వ తేదీన బిషప్పుగా ప్రతిష్ఠింపబడి, 1945 జనవరి 1వ తేదీన మరణించువరకు ఆ ప్రాంతముననే సేవచేసెను. ఆ సంఘములలోని విశ్వాసులు అధికులు చదువు లేని కూలివారు. పల్లెలలో ఉపదేశకులు పొలముపని ముగిసిన తరువాత రాత్రివేళ వారిని కూర్చుండబెట్టి ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను, వేదకథలను చెప్పుచు, మరల చెప్పించుచు నేర్పెడివారు. మా తల్లి చిన్నతనమున అట్టి దీపమునొద్ద కూర్చుండినది. చదువరాదు గనుక ఒక వచనమును విరిచి జేబులో వేసికొను ఉపాయము ఆమెకు లేదు. కథ వచ్చినయెడల మొదటినుండి చివరవరకు వచ్చును. అబ్రాము వచ్చినయెడల లోతు కూడ వచ్చును. విశ్వాసము వినుటవలన కలుగునని పౌలు రోమీయులకు వ్రాసినప్పుడు (10:17), ఆనాటి సంఘములలో పత్రిక చేతపట్టి చదివినవారికంటె కూర్చుండి వినినవారే అధికులు.

ఆ ఉప్పలు దారి యంత్రమును గూర్చి మరియొక సంగతి చెప్పవలసియున్నది. భూమి కంపించినప్పుడు రెండు విధములైన అలలు దాని లోపలినుండి వచ్చును. ఒకటి ముందుగా చేరును, రెండవది వెనుక చేరును. వాటి నడుమ ఎడము ఎంత అధికమైతే కంపము పుట్టినచోటు అంత దూరము. అయితే ఇట్లు ఒక్క కేంద్రములో దూరము తెలిసినను, ఏ దిక్కునో తెలియదు. అందుచేత సామాన్యముగా కనీసము మూడు కేంద్రముల లెక్కలు కలిపి, మూడు వృత్తములు గీచి, అవి ఎక్కడ కలిసికొనునో అక్కడ కంపము పుట్టినదని నిర్ణయింతురు. నాకు మొదటి అల తగులగానే నేను చేను అమ్మితిని.

మూడు కేంద్రములను మనమును కలిపి చూడవచ్చును. వాక్యభాగమంతయు ఏమి చెప్పుచున్నది? తొందరలేక కనిపెట్టిన ప్రార్థనలో, నా ఆశ చల్లారిన తరువాతకూడ, ఆ తలంపు నిలిచియున్నదా? సంఘములో దేవునికి భయపడువారు, ముఖ్యముగా నా బేరములో లాభములేనివారు, ఏమనుచున్నారు? ఈ మూడింటిని సమానముగా పెట్టుచున్నానని తలంపవద్దు. ప్రార్థనలో కలిగిన తలంపైనను, పెద్దల మాటయైనను వాక్యమునకు లోబడవలసినదే. వాక్యమునుకూడ ముక్కగా విరువవచ్చును. దేవాలయ శిఖరముమీద సాతాను ప్రభువునకు ఒక కీర్తననుండి వాక్యము చూపెను. ప్రభువు ఆ కీర్తన అబద్ధమనలేదు. దాని ప్రక్కను మరియొక లేఖనమును ఉంచెను (మత్తయి 4:5–7).

సాయంకాల ప్రార్థనకూటములు జరుపువారు ఈ నెల ఆదికాండము 13వ అధ్యాయమును ఇట్లు అభ్యసింపుడి. ఒకరు మెల్లగా మొత్తము చదువవలెను. పిమ్మట అందరును కొంతసేపు మౌనముగా ఉండవలెను. పల్లెలో ఇది కష్టము. ఎవరో ఒకరు పాట ఎత్తుకొందురు, ఎత్తుకొననియ్యకుడి. తరువాత అదే అధ్యాయమును మరల చదువుడి. అప్పుడు ఏమి వింటిరో ఒక్కొక్కరు చెప్పవలెను. చదువు రానివారిని మొదట చెప్పనియ్యుడి. చేను అమ్ముట, పెండ్లి కుదుర్చుట, బిడ్డను పట్టణమునకు పంపుట మొదలైన తీర్మానము చేయవలసినవారు ఉన్నయెడల, ఆ రాత్రియే నిర్ణయము చెప్పుమని వారిని బలవంతము చేయవద్దు.

నాచారములోని ఆ గదిలో మా తల్లి పదకొండేండ్లు జీవించెను. చేనును గూర్చి ఒక్కనాడును ఎత్తలేదు. రాత్రి షిఫ్టు లేని దినములలో నేను ఇంటికి రాగానే దీపము దగ్గరకు జరిపి బైబిలు నా చేతికిచ్చెడిది. అలసటచేత నేను నడుమనుండి మొదలుపెట్టినయెడల చేయి అడ్డముపెట్టి, "మొదటికెల్లి చదువు, బిడ్డా" అనెడిది.