తహసీల్దారు బోర్డు కింద ఫార్సీ పాఠం

దంతాలపల్లి 2016లో మండలమైంది, వెంటే తహసీల్దారూ వచ్చాడు. ఆ మాటలో తహసీల్ అరబ్బీ, దార్ ఫార్సీ. నిజాం సర్కారు కాగితాల మీది నుంచి ఫార్సీ 1880ల్లోనే దిగిపోయి ఉర్దూకు చోటిచ్చింది. దార్ మాత్రం మన నాలుక దిగలేదు. అమ్మకందారు, కొనుగోలుదారు అని తెలుగు మాటలకూ తగిలించుకున్నాం. ఫార్సీ వాక్యం కట్టడం ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం.

దార్ అంటే 'కలిగి ఉండు'. దాని చివర అమ్ చేర్చండి: దారమ్, నాకుంది. మనిషి మారితే తోక మారుతుంది: దారీ, నీకుంది; దారద్, అతనికుంది, ఆమెకైనా అదే. వస్తాను, వస్తావు అన్నట్టే కాబట్టి 'నేను' అని విడిగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు ముందు జమీన్ పెట్టండి. జమీన్ దారమ్: నాకు భూమి ఉంది. లేదనాలంటే క్రియ ముందు న: జమీన్ నదారమ్. కౌలుకు దున్నేవాడి వాక్యం ఇది. జమీందారులో ఉన్నవీ ఈ రెండు ముక్కలే.

ఇక కొనడం. మార్కెట్ యార్డులో పత్తి, మిర్చి కొనేవాళ్లను ఖరీదుదారులంటాం. ఫార్సీలో ఖరీదమ్ అంటే కొన్నాను. జమీన్ ఖరీదమ్, భూమి కొన్నాను. ఫలానా భూమిని అని తేల్చాలంటే మధ్యలో రా పడాలి: జమీన్ రా ఖరీదమ్. మన 'ని' చేసే పనే అది. తమాషా ఏమిటంటే, ఫార్సీ 'ఖరీదార్'లో దార్ లేదు. ఖరీద్‌కు ఆర్ చేరిందంతే. మనవాళ్లు అది చాలదనుకున్నారేమో, దార్‌నే అంటించారు.

ఇంతవరకు తెలుగువాడికి నల్లేరు మీద బండి, క్రియ చివరే కదా. తడబడేది 'నా భూమి' దగ్గర. మనకు మనిషి ముందు, భూమి వెనక. అక్కడ భూమి ముందు, తర్వాత చిన్న ఎ, ఆపై మనిషి: జమీన్-ఎ-మన్. దీన్ని ఇజాఫత్ అంటారు. కోహినూర్‌ను విడదీస్తే ఇదే: కోహ్-ఎ-నూర్, కాంతి పర్వతం. వెనక నుంచి చదవాలి. అంకెలకు ఈ తిప్పలు లేవు. చార్‌మినార్‌లో నాలుగు ముందే ఉంది, మినార్ ఏకవచనంలోనే ఉండిపోయింది.

గుణం చెప్పే మాటా వెనకే వస్తుంది. పాత పహాణీ తీస్తే ఖుష్కి, తరి అని కనబడతాయి: ఖుష్క్ అంటే పొడి, తర్ అంటే తడి. ఇక ముక్కలన్నీ కలపండి. జమీన్-ఎ-ఖుష్క్ దారమ్, మెట్ట ఉంది నాకు. జమీన్-ఎ-తర్ నదారమ్, తరి లేదు.