28 అంగుళాల మోజులో పడకు

ఆటోనగర్, విజయవాడ

చి. కార్తీక్‌కి,


ఇంజన్ హెడ్‌లోంచి గాలి ఎంత పోతుందో కొలిచే ఫ్లో బెంచీకి నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. ప్లైవుడ్ పెట్టె, పైన బోర్ సైజు అడాప్టర్, వెనక రెండు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు, మధ్యలో గాలిని కొలిచే రంధ్రమున్న ఆరిఫైస్ ప్లేటు. పద్ధతి బాగుంది. "28 అంగుళాల దగ్గర టెస్ట్ చెయ్యకపోతే ఆ నంబర్లకి విలువ లేదంటున్నారు, నిజమేనా మావయ్యా?" అని అడిగావే, నాకు పట్టుకున్నది అదే. అక్కడ తప్పటడుగు వేస్తే నీ డబ్బూ పోతుంది, బెంచీ మీద నీకు నమ్మకమూ పోతుంది.

28 అంగుళాల నీటి పీడనమంటే ఇంచుమించు ఒక పీఎస్ఐ. అమెరికాలో హెడ్ పని చేసే షాపులు ఎక్కువగా అక్కడే కొలుస్తాయి కాబట్టి ఒకరి నంబరు ఒకరితో పోల్చుకోవడానికి అది అలవాటైపోయింది. అంతకుమించి ఆ అంకెలో మహత్తేమీ లేదు. నడిచే ఇంజన్లో వాల్వుకి అటూ ఇటూ ఉండే పీడనం తేడా క్రాంకు తిరుగుతున్నంతసేపూ మారుతూనే ఉంటుంది. ఏ ఒక్క అంకె దగ్గరా ఆగదు.

గాలి పరిమాణం పీడనానికి వర్గమూలంలో పెరుగుతుంది. 10 అంగుళాల దగ్గర వచ్చిన సీఎఫ్ఎమ్‌ని, అంటే నిమిషానికి పోయే ఘనపుటడుగుల గాలిని, 1.67తో గుణిస్తే 28 దగ్గర ఎంతో వచ్చేస్తుంది. 15 దగ్గర కొలిస్తే 1.37, 25 దగ్గరైతే 1.06. ఇంత తేలికైన లెక్క ఉండగా ముందే 28 కోసం ఎందుకు తాపత్రయం?

దానికయ్యే ఖర్చు చూడు. నీ 150 సీసీ హెడ్‌లో ఇన్‌టేక్ వాల్వు 28 మి.మీ. అనుకుందాం. వాల్వు 7 మి.మీ. తెరుచుకున్న లిఫ్ట్ దగ్గర 28 అంగుళాలు నిలబెడితే సుమారు 84 సీఎఫ్ఎమ్ లాగుతుంది. 10 దగ్గరైతే 50. గాలికి కావలసిన శక్తి మొదటిదానికి 280 వాట్లు, రెండోదానికి 60 కూడా లేదు. పీడనం మూడింతలు కాకముందే శక్తి దాదాపు ఐదింతలైంది. వెయ్యి వాట్ల క్లీనర్ మోటారు గాలికి ఇచ్చేది సుమారుగా అందులో నాలుగో వంతే. దానికి ఆరిఫైస్ ప్లేటు తినే పీడనం కూడా కలుపుకో. అంటే 28కి నీ రెండు మోటార్లూ అంచు మీదే ఉంటాయి. మూడోది పెడితే పదమూడు ఆంపియర్లు దాటుతుంది, దానికి విడిగా లైను వేయించాలి.

పెట్టె సంగతి కూడా ఉంది. 28 అంగుళాల దగ్గర రెండడుగుల చదరపు పలక మీద 250 కిలోల పైచిలుకు బరువు పడుతుంది. నువ్వు గీసిన 12 మి.మీ. ప్లైవుడ్ లోపలికి వంగుతుంది, మూలల్లో సిలికాన్ ఊడుతుంది, లీకు మొదలవుతుంది. 10 దగ్గర అదే పలక మీద పడేది తొంభై కిలోలు. ఏ పీడనం ఎంచుకున్నా సరే, 18 మి.మీ. వాడి మధ్యలో అడ్డ బద్దలు కొట్టు.

అలాగని మరీ కిందికీ దిగకు. 10 అంగుళాల దగ్గర గాలి సెకనుకి 64 మీటర్ల వేగం అందుకుంటుంది, 28 దగ్గర 108. మూడు, నాలుగు అంగుళాల దగ్గర ఆ వేగం చాలదు, హెడ్‌లో గాలి వెళ్లే దారి, అంటే పోర్టులో దోషం దాక్కుంటుంది. వాల్వు సీటు ముందర పోర్టు అడుగున ఉండే ఆ చిన్న మలుపు ఉంది చూశావూ, షార్ట్ సైడ్, బస్సు మలుపులో వేగంగా తిరిగితే మనం బయటివైపుకి ఒరిగినట్టు, గాలి అక్కడ గోడని వదిలేస్తుంది. నెమ్మదిగా వెళ్తే వదలదు. వదిలినప్పుడు పోర్టులోంచి గరగరమనే చప్పుడు వస్తుంది, చెవికే తెలిసిపోతుంది. అందుకే పది కంటే తక్కువ పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

మరి పైన ఎంత? అది నీ మోటార్లే చెప్పాలి. వాల్వుని పూర్తి లిఫ్ట్‌కి తెరిచి, మోటార్లు రెండూ పూర్తిగా వేసి, పీడనం ఎక్కడ నిలుస్తుందో చూడు. 18 అంగుళాలు నిలిచిందనుకో, 15 పెట్టుకో. సాయంత్రం పూట ఓల్టేజీ పడిపోయినా ఆ 15 నిలవాలి కదా. ఇక ప్రతి లిఫ్ట్ దగ్గరా అదే 15, ఈ నెలా అదే, వచ్చే నెలా అదే. పీడనాన్ని బ్లీడ్ వాల్వుతో, అంటే పక్కనుంచి బయటి గాలిని లోపలికి వదిలే వాల్వుతో సర్దు, డిమ్మర్‌తో వద్దు. చిన్న లిఫ్ట్‌లో లోపలికి వచ్చే గాలి తక్కువ. క్లీనర్ మోటార్లలో చాలావరకు ఆ గాలితోనే చల్లబడతాయి. బ్లీడ్ తెరిచి ఉంచితే అవి వేడెక్కి కాలిపోకుండా బతుకుతాయి.

ఇప్పుడు నువ్వు అడగనిది చెబుతాను. టెస్ట్ పీడనం కంటే ఎక్కువ మోసం చేసేది కొలిచే వైపు పీడనం. ఆరిఫైస్ ప్లేటు 84 సీఎఫ్ఎమ్‌కి 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. చూపించేలా చేశావనుకో. ఒక మి.మీ. లిఫ్ట్ దగ్గర వచ్చేది పన్నెండు సీఎఫ్ఎమ్. దానికి మానోమీటర్ గొట్టంలో నీటిమట్టాల తేడా 5 మి.మీ. మాత్రమే. కంటితో చూడ్డంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే సీఎఫ్ఎమ్‌లో పది శాతం తప్పు! ప్రవాహం సగమైతే గొట్టంలో చూపించేది పావే, అది మనసులో పెట్టుకో. అందుకని ఒక ప్లేటుతో సరిపెట్టకు. ఒకదానికంటే ఒకటి సగం వైశాల్యంతో మూడు ప్లేట్లు చేసుకో. రీడింగు స్కేల్లో పావు కిందికి దిగగానే చిన్న ప్లేటుకి మారు. కొలిచే వైపు గొట్టాన్ని పదికి ఒకటి వాలులో పడుకోబెడితే 5 మి.మీ. కాస్తా 50 అవుతుంది.

సెన్సర్ పెడతానన్నావు. ఎంపీఎక్స్5010 పది కిలోపాస్కల్స్ దాకా కొలుస్తుంది, కానీ తయారీదారు ఒప్పుకునే గరిష్ఠ తప్పు పూర్తి స్కేల్లో 5 శాతం, అంటే రెండు అంగుళాల నీరు. 15 అంగుళాల మీద రెండు అంటే చిన్న విషయం కాదు. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన పైపు రెండు మీటర్లు కొను, రంగునీళ్లు పోసి యూ ఆకారంలో బిగించు, టీ జాయింటు వేసి సెన్సర్ పక్కనే పెట్టు. నీటికి క్యాలిబ్రేషన్ అక్కర్లేదు. రెండు వైపుల మట్టాల మధ్య తేడా చదవాలి సుమా, ఒకవైపు ఎత్తు కాదు. మోటారు వేసిన ఊపులో నీళ్లు పెట్టెలోకి పోకుండా దారిలో ఒక ఖాళీ సీసా కట్టు.

బెంచీ తయారయ్యాక హెడ్ పెట్టే ముందు పదును అంచు రంధ్రం ఉన్న ప్లేటు పెట్టి 10, 12, 15, 18 దగ్గర కొలువు. అన్నిటినీ 28కి మార్చి చూడు. ఒక శాతం లోపు కలవాలి. కింద తేడా వస్తే మానోమీటర్‌ది తప్పు. పైన తేడా వస్తే లీకు లేదా పెట్టె వంగుతోంది. ప్లేటు కలిశాక హెడ్‌తో అదే చెయ్యి. ప్లేటు కలిసి హెడ్ కలవకపోతే, పైకి పోయే కొద్దీ తగ్గుతూ ఉంటే, గాలి షార్ట్ సైడ్ దగ్గర గోడ వదులుతోందన్నమాట. గ్రైండర్ ఎక్కడ పెట్టాలో, ముఖ్యంగా ఎక్కడ పెట్టకూడదో అక్కడే తెలుస్తుంది. 28 దగ్గర ఒకే ఒక్క నంబరు తీసుకున్నవాడికి ఇది దొరకదు అల్లుడూ.

టెస్ట్ ప్లేటు నేనే లేత్ మీద తీయించి పంపిస్తాను, 25 మి.మీ. రంధ్రంతో. నీ అడాప్టర్ బయటి కొలతా, బోల్టు రంధ్రాల దూరమూ వెర్నియర్‌తో చూసి రాయి. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య