సొంత పేరుతో బయటికి వచ్చే ముందు

ఉద్యోగం వదిలి సొంతంగా పని మొదలుపెడతానన్నవాళ్ళని నలుగురూ అడిగేది, "ధైర్యం ఉందా?" అని. నేనైతే "వరస కుదిరిందా?" అని అడుగుతాను. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తెలిసినవాళ్ళకి ధైర్యం దానంతటదే వస్తుంది. వీడియో ఎడిటర్లు, డిజైనర్లు, కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్ళు, కంపెనీల్లో కోడ్ రాసేవాళ్ళు, అందరికీ ఇది వర్తిస్తుంది.

ఆ వరసకి మంచి ఉదాహరణ న్యూజిలాండ్‌లో ఉంది. సావేజ్ పేరుతో పాడే డెమెట్రియస్ సావెలియో సమోవా సంతతికి చెందిన రాపర్. పసిఫిక్ దీవుల నుంచి పని కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువగా ఉండే దక్షిణ ఆక్లండ్ ఆయనది. 2005లో వచ్చిన తొలి సోలో ఆల్బమ్ 'మూన్‌షైన్' నుంచి రెండు పాటలు, 'స్వింగ్', అమెరికన్ గాయకుడు ఏకాన్‌తో కలిసి పాడిన 'మూన్‌షైన్', న్యూజిలాండ్ చార్టులో మొదటి స్థానానికి చేరాయి. ఆ విజయం వెనక ఏళ్ళ తరబడి జరిగిన పని ఉంది.

జట్టులో ఉన్నప్పుడే నేర్చుకోండి

సావేజ్ మొదట డెసెప్టికాన్జ్ అనే నలుగురి బృందంలో ఒకడు. ఆ బృందం ఆల్బమ్ 'ఎలిమినేషన్' 2002లో వచ్చింది. నలుగురిలోనూ ముందుగా సోలో ఆల్బమ్ తెచ్చింది మారెకో. ఆయన 'వైట్ సండే' 2003లో విడుదలైంది. సావేజ్ వంతు రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

మీ ఆఫీసులో మీకంటే ముందు ఒకరు బయటికి వెళ్ళి సొంత పని పెట్టుకున్నారనుకోండి. అసూయ పడొద్దు, తొందర అసలే పడొద్దు. వెళ్ళి కలవండి. మొదటి క్లయింట్ ఎలా దొరికాడు, డబ్బు చేతికి రావడానికి ఎన్ని నెలలు పట్టింది, ఊహించని ఖర్చు ఏది మీద పడింది అని అడగండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మీ సీటు పని ఒక్కటే కాకుండా కొటేషన్ ఎలా వేస్తారో, క్లయింట్ అడిగే అదనపు మార్పులకి ఎలా సమాధానం చెబుతారో, బిల్లు ఎలా వసూలు చేస్తారో దగ్గరుండి చూడండి. సొంతంగా పనిచేసేవాళ్ళని ముంచేది చాలాసార్లు చేతిపని రాకపోవడం కాదు, ఈ మూడూ రాకపోవడం.

వెళ్ళేటప్పుడు తగవు పెట్టుకుని వెళ్ళకండి. సోలో ఆల్బమ్‌లు వచ్చాక కూడా డెసెప్టికాన్జ్ మళ్ళీ కలిసి పనిచేసింది. మీకు వచ్చే తొలి పనులు పాత సహోద్యోగుల మాట మీదే రావచ్చు.

ఒకరి పనిలో మీ ముక్క గుర్తుండిపోవాలి

సావేజ్ గొంతు దేశమంతా విన్నది ముందుగా ఇంకొకరి పాటలో. సమోవా సంతతికే చెందిన స్క్రైబ్ 2003లో 'ది క్రూసేడర్' ఆల్బమ్‌తో న్యూజిలాండ్‌ని ఊపేశాడు. అందులోని 'నాట్ మెనీ' పాట రీమిక్స్‌లో సావేజ్‌కి దక్కింది ఒక చరణం. ఆ చరణంతోనే జనానికి ఆయనెవరో తెలిసింది. ఆల్బమ్ బయటికొచ్చేసరికి వినేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

మీరు కూడా పూర్తి ప్రాజెక్టు కోసం కూర్చోకండి. పెద్ద పనిలో చిన్న భాగం దొరికినా తీసుకోండి, మీ పేరు వేయమని ముందే మర్యాదగా అడగండి, దానిమీద ప్రాణం పెట్టండి. ఉద్యోగంలో ఉంటూ బయట పని ఒప్పుకునే ముందు మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. రెండో సంపాదనను నిషేధించే షరతు ఉంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. దొంగచాటుగా చేసిన పనితో వచ్చిన పేరు మిమ్మల్ని కాపాడదు.

ఆశ ఒక్కటే పెట్టుబడి కాకూడదు

'మూన్‌షైన్' ఆల్బమ్ తెచ్చిన సంస్థ డాన్ రెయిడ్ ఎంటర్‌టైన్‌మెంట్. బ్రదా డి, యాండీ మర్నేన్ కలిసి 1999లో దక్షిణ ఆక్లండ్‌లోనే దీన్ని పెట్టారు. 1970ల్లో పోలీసులు పసిఫిక్ వలస కుటుంబాల ఇళ్ళ మీద తెల్లవారకముందే చేసిన దాడుల పేరే సంస్థకి పెట్టుకున్నారు. ఈ ఇద్దరూ అక్కడి ఒటారా సంతలో టీ షర్టులు అమ్మి, ఆ డబ్బుతో పాటలు తెచ్చారు. పాట డబ్బులిచ్చేదాకా టీ షర్టు పోషించింది.

మీకూ అలాంటి రెండో ఆదాయం ఒకటి ఉండాలి: నెలనెలా వచ్చే చిన్న కాంట్రాక్టు, వారాంతపు క్లాసు, ఏదైనా సరే. దానికి తోడు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరోగ్య బీమా విడిగా సిద్ధం చేసుకున్నాకే రాజీనామా ఇవ్వండి.

పాటలు చార్టుల్లో పైనున్నా సంస్థ కష్టాలు తప్పించుకోలేకపోయింది. 2007లో డాన్ రెయిడ్ లిక్విడేషన్‌లోకి వెళ్ళింది. పేరు బాగున్నంత మాత్రాన ఖాతా బాగున్నట్టు కాదు. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. డబ్బు వచ్చిన రోజే పన్ను వాటా పక్కన పెట్టండి. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని మరవకండి.

హక్కులు కాగితం మీద ఉండాలి

'స్వింగ్' 2005తో ఆగిపోలేదు. 2007లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'నాక్డ్ అప్'లో ఆ పాట వాడారు. దాంతో అమెరికాలో అది కొత్తగా వినబడింది, అక్కడ 10 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయి ప్లాటినం గుర్తింపు పొందింది. మంచి పనికి విలువ ఎప్పుడు పెరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. పెరిగిన రోజున ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం ఎప్పుడో పెట్టిన సంతకమే తేలుస్తుంది.

మన కాపీరైట్ చట్టంలో నాలుగు సంగతులు తెలిసుండాలి. ఉద్యోగ బాధ్యతల్లో భాగంగా చేసిన రచన, డిజైన్, కోడ్ వంటి వాటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. అందుకే సొంత పని సొంత కంప్యూటర్‌లో, సొంత సమయంలో చేయండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. 2012 సవరణ తర్వాత సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు రాయల్టీలో తమ వాటా హక్కును నిర్మాతకి వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు.

"అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు కనిపిస్తే అక్కడే ఆగండి. గడువు తగ్గించమని అడగండి, లేదా ధర పెంచమని అడగండి. ఒప్పందం పెద్దదైతే లాయరుకి చూపించండి. ఆ ఫీజు ఖర్చు కింద రాసుకోదగ్గదే.

ఈ వారమే ఒక కాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలకి జవాబు రాయండి. నాకు చేతిపనితో పాటు బేరం, బిల్లు వచ్చా? నా పేరు విని పనిచ్చేవాళ్ళు ముగ్గురైనా ఉన్నారా? ఆరు నెలలు గడిచే దారి ఉందా? ఇప్పటిదాకా చేసిన పనిలో నాది ఎంత? నాలుగింటికీ జవాబు ఉంటే రాజీనామా ఉత్తరం రాయండి. ఏ ఒక్కదానికి లేకపోయినా ఉద్యోగంలోనే ఉండి దాన్ని సాధించండి. ఆలస్యమైందని బెంగ పడొద్దు. సిద్ధంగా వెళ్ళినవాళ్ళకి వెనక్కి రావాల్సిన అవసరం తక్కువగా పడుతుంది.