మిశ్రప్రభావ నమూనాలు: భాషాపరిశోధనలో వాని అర్థనిర్ణయము

1

భాషాశాస్త్రమున క్షేత్రపరిశోధన చేయువారికి నేడు అంకెలతో పని తప్పదు. ఉచ్చారణ కాలమును కొలుతురు. వక్తల తీర్పులను లెక్కింతురు. మాండలిక రూపములను పట్టికలలో కూర్తురు. ఇట్టి అంకెలను విశ్లేషించుటకు బహుస్తర మిశ్రప్రభావ నమూనా అను సాంఖ్యక పద్ధతి విరివిగా వాడుకలో నున్నది. కంప్యూటరు ఫలితముల పట్టికను క్షణములో నిచ్చును. అందలి ఏ అంకె దేనిని గూర్చి చెప్పుచున్నదో తెలిసికొనుట మాత్రము పరిశోధకుని పని. అచ్చట జరుగు పొరపాటు ఒక జనసముదాయపు భాషను గూర్చి తప్పుతీర్పునకు దారితీయవచ్చును.

ఈ విషయమును ఒక ఉదాహరణముతో వివరింతును. ఇందలి అంకెలు వివరణ సౌకర్యమునకై కల్పించినవి. ప్రశ్న మాత్రము నిజమైనది. స్వరాష్ట్రమునకు వెలుపల బోధించుచున్న నాకు అది తరచుగా ఎదురగుచుండును. తెలుగు రాష్ట్రములకు వెలుపల పెరిగిన తెలుగువారు అచ్చులలో హ్రస్వదీర్ఘ భేదమును నిలుపుకొనుచున్నారా?

2

తెలుగు రాష్ట్రములలో పెరిగినవారు పదిమంది, వెలుపల పెరిగినవారు పదిమంది ఉన్నారనుకొందము. ప్రతివక్తయు పడు–పాడు, విడు–వీడు, వడ–వాడ వంటి 15 జంటలను, అనగా 30 పదములను పలికెను. ప్రతి పదమునందును మొదటి అచ్చు పట్టిన కాలమును మిల్లీసెకండులలో కొలిచితిమి. మొత్తము 600 కొలతలు.

ఈ 600 కొలతలు ఒకదానితో నొకటి సంబంధము లేనివి కావు. నిదానముగా మాటలాడు వక్త ముప్పది పదములనుకూడ నిదానముగనే పలుకును. ఒక పదములోని హల్లు అచ్చును కుదించునదైనచో ఇరువదిమంది నోటను కుదించును. కావున ప్రతి కొలతయందును వక్త లక్షణము, పద లక్షణము, ఈ రెంటికిని చెందని అవశేషము కలిసియుండును.

ఇచ్చట ప్రతివక్తయు ప్రతిపదమును పలుకుటచే వక్తలు, పదములు అను రెండు వర్గములు ఒకదానినొకటి ఖండించుకొనుచున్నవి. మాండలిక సామగ్రి తీరు వేరు. 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును తలచుకొనుడు. అట్టి సామగ్రియందు వక్త ఒక గ్రామమునకును, గ్రామము ఒక ప్రాంతమునకును చెందును. ఒక స్తరము మరియొక దానిలో ఇమిడియుండును. ‘బహుస్తర’మను విశేషణమునకు మూలమిదియే.

3

హ్రస్వదీర్ఘ భేదము, పెరిగిన చోటు అనునవి మన ప్రశ్నలోనివి. ఇంకొకరు ఈ పరిశోధనను మరల చేసినను ఇవియే ఉండును. వీనిని స్థిరప్రభావములందురు. వక్తలును పదములును అట్లు కాదు. మరల చేసినచో వేరు వక్తలు, వేరు పదములు వత్తురు. వీరు పెద్ద సముదాయమునుండి తీసిన మచ్చులు. వీరివలన కలుగు భేదములు యాదృచ్ఛిక ప్రభావములు. రెండును కలిసిన నమూనా మిశ్రప్రభావ నమూనా.

పదములనుగూడ మచ్చుగా ఎంచవలెనని భాషాపరిశోధకులకు గట్టిగా చెప్పినవాడు హెర్బర్ట్ క్లార్కు. 1973 నాటి వ్యాసమున నాతడు, పదములను స్థిరములుగా లెక్కించిన పరిశోధన తాను వాడిన ఆ కొన్ని పదములను గూర్చి మాత్రమే చెప్పగలదనియు, భాషను గూర్చి చెప్పజాలదనియు చూపెను. వక్తలను, పదములను ఒకే నమూనాలో ఇముడ్చు పద్ధతిని బాయెన్, డేవిడ్సన్, బేట్స్ అనువారు 2008లో భాషాపరిశోధకులకు సుబోధముగా వివరించిరి. మొత్తము విస్తృతిని భాగములుగా విడదీసి అంచనా కట్టు శాస్త్రము అంతకుముందే వృద్ధిపొందినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థయందు దీర్ఘకాలము పనిచేసిన సి. ఆర్. రావు (1920–2023) గారు అట్టి అంచనాకు ఒక ప్రసిద్ధ పద్ధతిని 1970 ప్రాంతమున ప్రతిపాదించిరి.

4

ఇక పట్టికను చదువుదము. స్థిరప్రభావముల గుణకములు ఇట్లు వచ్చినవనుకొందము: మూలవిలువ 80, దీర్ఘము +90, వెలుపల పెరుగుట +5, ఈ రెంటి పరస్పర ప్రభావము −20.

మూలవిలువ అందరి సగటు కాదు. అది తెలుగు రాష్ట్రములలో పెరిగినవారి హ్రస్వపు కాలము. వారి దీర్ఘము 80+90, అనగా 170. వెలుపల పెరిగినవారి హ్రస్వము 80+5, అనగా 85. వారి దీర్ఘము 80+90+5−20, అనగా 155. ‘వెలుపల పెరుగుట +5’ అను అంకెను చూచి, రెండు వర్గముల భేదము 5 మాత్రమే అని చెప్పుట తరచుగా జరుగు పొరపాటు. పరస్పర ప్రభావమున్న నమూనాలో ఆ 5 హ్రస్వములకు మాత్రమే వర్తించును. నాలుగు విలువలను విడివిడిగా కట్టి చూచుకొనిన పిదపనే వ్యాఖ్యానము చేయవలెను.

మొదటి వర్గమున హ్రస్వదీర్ఘముల అంతరము 90, రెండవ వర్గమున 70. ఈ 20 తగ్గుదల నమ్మదగినదా?

5

600 కొలతలును పరస్పర స్వతంత్రములని తలచి సాధారణపద్ధతిలో లెక్కించినచో −20కి ప్రామాణిక దోషము సుమారు 7.5 వచ్చును. గుణకము దోషమునకు రెండున్నర రెట్లకు మించినది. ఈ తీరున లెక్కించినవాడు ‘ప్రవాసుల తెలుగున దీర్ఘము క్షీణించుచున్నది’ అని వ్రాయును.

యాదృచ్ఛిక ప్రభావముల పట్టిక మరియొక సంగతి చెప్పును. హ్రస్వదీర్ఘ అంతరము వక్తనుబట్టి మారుచుండును. దీనిని వాలులోని భేదమందురు. దాని క్రమవిచలనము 25 అనుకొందము. ఒక్కొక్క వర్గమున పదిమందియే యున్నందున, ఈ ఒక్క కారణముచేతనే దోషము 11కు తగ్గదు. అవశేషమునుకూడ చేర్చినచో సుమారు 12.5 అగును. 20 దీనికి 1.6 రెట్లు మాత్రమే. కొలతలు అవియే, గుణకము అదియే. తీర్పు మాత్రము నిలువదు.

అట్లని భేదము లేదని చెప్పుటయు తప్పే. ఈ లెక్క ప్రకారము అంతరము 45 తగ్గియుండవచ్చును, 5 పెరిగియుండవచ్చును. ఖాయముగా చెప్పదగినది వేరొకటి: వెలుపల పెరిగినవారి 70 అంతరము, వక్తల, పదముల భేదములను లెక్కలోనికి తీసికొన్నను, తన దోషమునకు అనేక రెట్లున్నది. వారి దీర్ఘము హ్రస్వమునకు 1.8 రెట్లు. భేదము నిలిచియున్నది.

పదములను మూడువందలకు పెంచినను ఆ 11 తగ్గదు. వక్తలను పెంచవలెను. వర్గమునకు నలుబదిమంది ఉన్నచో మొత్తము దోషము 6కు కొంచెము మించును. ధనమును కాలమును ఎచ్చట వెచ్చింపవలెనో ఈ పట్టిక ముందుగనే తెలుపును.

ఇంకొక సంగతి. అంతరపు క్రమవిచలనము 25 అనగా, వెలుపల పెరిగినవారిలో చాలమందికి అంతరము 20 మొదలు 120 వరకు, లోపల పెరిగినవారిలో 40 మొదలు 140 వరకు ఉండును. ఈ రెండు పరిధులు ఎక్కువభాగము కలియుచున్నవి. కావున వర్గపు సగటును చూపి ఒక విద్యార్థి ఉచ్చారణకు విలువ కట్టరాదు.

6

వక్తల అంచనాలు వారి సగటులకు సరిగా సమానముగా నుండవు. వర్గపు సగటువైపు కొంత జరుగును. వక్తల విస్తృతి 400, అవశేష విస్తృతి 1200 అనుకొందము. ఒక వక్త హ్రస్వములు సగటుకంటె 40 ఎక్కువైనవి. మూడు పదములే కొలిచియున్నచో నమూనా అందు సగమును, అనగా 20ని మాత్రమే అంగీకరించును. పదునైదు కొలిచియున్నచో సుమారు 33ని అంగీకరించును. సాక్ష్యము తక్కువైనచోట జాగ్రత్త ఎక్కువగును.

ఒక్కొకప్పుడు పట్టికలో విస్తృతి సున్నయనియో, సహసంబంధము సరిగా 1 అనియో కనబడును. వక్తలమధ్య భేదము లేదని దీని కర్థము కాదు. దానిని అంచనా కట్టుటకు సామగ్రి చాలలేదని సాధారణముగా గ్రహింపవలెను. నాలుగు ప్రాంతములనుండి సేకరించి ప్రాంతముల విస్తృతిని నిర్ణయింపబూనుటయు ఇట్టిదే.

కావున విద్యార్థులకు నా సూచన యిది. వ్యాసమున కొలతల సంఖ్యతోపాటు వక్తలెందరో, పదములెన్నియో, గ్రామములెన్నియో వ్రాయుడు. స్థిరప్రభావముల ప్రక్కనే యాదృచ్ఛిక విస్తృతులనుకూడ ప్రకటింపుడు. ఒక సముదాయపు భాష క్షీణించెనని వ్రాయుటకు ముందు, ఆ మాటకు ఎందరు సాక్షులున్నారో లెక్కించుకొనుడు.