రెండు వేళ్లు జరిపితే చాలు

ఖమ్మం నుంచి పాల్వంచ, భద్రాచలం మీదుగా చింతూరు అడవి దాకా నవమి పందిళ్లలో, చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించే తమ్ముళ్లు చాలామందే. మేజరు, మైనరు, సెవెంత్ అందరికీ వచ్చు. ఫోనుకొచ్చిన కార్డ్స్‌లో ‘బి మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్’ కనబడితే మాత్రం బి మైనర్ నొక్కేసి ఊరుకుంటారు. పాడేవాడు వెనక్కి తిరిగి చూసేది అక్కడే.

దీన్నే హాఫ్ డిమినిష్డ్ అంటారు. కీరవాణి రాగం తెలిసినవాళ్లకు ఇది చుట్టమే. ఎ షడ్జమంగా పెట్టుకుని, రిషభం నుంచి ఒకటి విడిచి ఒకటి నొక్కండి: రి, మ, ద, స. అంటే బి, డి, ఎఫ్, ఎ. బి మైనర్‌లో ఎఫ్ షార్ప్ పడి, పాటలోని శుద్ధ ధైవతాన్ని పొడుస్తుంది. ఎ బదులు జి షార్ప్ వేస్తే పూర్తి డిమినిష్డ్ అవుతుంది, దాని రుచి వేరు.

ఇక ఇన్వర్షన్లు. కింది స్వరాన్ని పైకెత్తుతూ పోతే మదసరి, దసరిమ, సరిమద వస్తాయి. నాకు అన్నంపెట్టింది చివరిదే. సరిమద మీద చెయ్యి ఉంచి, ‘స’ను అరమెట్టు దించి ‘ని’కి, ‘ద’ను అరమెట్టు దించి ‘ప’కి తెండి. రి, మ కదలవు. అంతే, ఇ సెవెంత్ చేతిలో ఉంది. అక్కడి నుంచి ఎ మైనర్ పక్కిల్లే. మూడు కార్డ్స్‌కీ చెయ్యి ఎగరక్కర్లేదు.

బేస్ గిటారు అతనితో ముందే మాట్లాడుకోండి. మీరు నొక్కినవి అవే నాలుగైనా, అతను డి పట్టుకుంటే డి మైనర్ సిక్స్‌గా, జి పట్టుకుంటే జి నైన్త్‌గా వినిపిస్తుంది. అతను లేని రోజు మీ ఎడమచేతి బి ఒక్కటే చాలు. నాలుగు స్వరాలూ కింద కుక్కితే మైకు సెట్‌లో బురదే.

ట్రాన్స్‌పోజ్ బటన్ వాడండి, తప్పు లేదు. కానీ సి శ్రుతిలో డి-ఎఫ్-ఎ ఫ్లాట్-సి, డి శ్రుతిలో ఇ-జి-బి ఫ్లాట్-డి కూడా వేళ్లకు ఎక్కాలి. పాట మధ్యలో శ్రుతి మార్చమంటే బటన్ వెతికే తీరిక ఉండదు.

ఒక్క మాట. ఒకనాటి పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, రాసిన ఆనందభైరవి కీర్తనలకు దీన్ని తగిలించకండి. ఆ గమకాల కింద సపలు పట్టుకుని కూర్చోండి.