విరిగిన రెక్క

బాపట్ల నుంచి సూర్యలంక సముద్రానికి పోయే దారిలో ఒక పల్లె ఉంది. సూర్యలంకలో వైమానిక దళం కేంద్రం ఉంది. ఆకాశంలో చప్పుడైతే చాలు, పల్లెలో ఒక అబ్బాయి బయటికి పరిగెత్తుతాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. వాళ్లమ్మ కూలిపనికి వెళుతుంది. రాత్రి బడిలో చదవటం నేర్చుకుంది.

అబ్బాయి బల్సా కర్రతో చిన్న విమానం చేశాడు. సోమవారం బడిలో పోటీ. శనివారం పొద్దున అమ్మ ఇల్లు ఊడుస్తూ, చూసుకోక దానిమీద కాలు వేసింది. రెక్క మధ్యకు పుటుక్కున విరిగింది.

అబ్బాయి అన్నం తినలేదు. అమ్మతో మాట్లాడలేదు.

"చీర చిరిగితే కుట్టుకోవటం లేదా? ఇదీ అంతే. తీసుకురా, చూద్దాం" అంది అమ్మ.

బల్సా దక్షిణ అమెరికా చెట్టు. ఈక్వడార్ దేశంలో ఎక్కువగా పెంచుతారు. దాని కర్ర మన బెండులాగా తేలిక. గోటితో నొక్కితే గుంట పడుతుంది. అందుకే ఎగురుతుంది, అందుకే విరుగుతుంది.

మాస్టారు రాసిచ్చిన కాగితం ఒకటి ఉంది. అమ్మ దాన్ని కూడబలుక్కుని చదివింది. "బంక ప-ల-చ-గా రాయాలి. రాత్రంతా ఆరనివ్వాలి."

"రాత్రంతానా? గంట చాలదా?"

"చాలదనే రాశారురా ఇక్కడ."

ముందు విరిగిన అంచులను ఉప్పు కాగితంతో రుద్దారు. పై అంచు కొంచెం ఎక్కువ రుద్దారు. రెండు ముక్కల కొసల కిందా చెరొక అగ్గిపెట్టె పెట్టి, మధ్యలో బంకతో కలిపారు. రెక్క ఇప్పుడు ఎగిరే కొంగ రెక్కల్లా పైకి లేచి ఉంది. ఇది మంచి మార్పు. ఇలా ఉంటే విమానం ఒక పక్కకు ఒరిగినా మళ్లీ తనే సర్దుకుంటుంది. అతుకు మీద పలచని కాగితం పట్టీ అంటించారు.

ఆదివారం సాయంత్రం రెక్కను రబ్బరు బ్యాండుతో విమానం వీపుకు కట్టి, ఇసుకలోకి తీసుకువెళ్లారు. విమానం ముక్కు పైకెత్తింది, ఆగింది, ధబ్బున పడింది.

అమెరికాలో రైటు సోదరులకూ ఇలాగే జరిగింది. 1903 డిసెంబరు 14న వాళ్ల విమానం ముక్కు మరీ పైకి లేచి ఇసుకలో పడింది. కొంత విరిగింది. బాగుచేసి 17న మళ్లీ ఎగరేశారు. ఆ మొదటి ఎగరటం 12 సెకన్లు, 120 అడుగులు!

ముక్కు ఎందుకు లేచింది? అమ్మ విమానాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టింది. రెక్క వెడల్పు 3 అంగుళాలు. ముందు అంచు నుంచి 1 అంగుళం దగ్గర వేళ్లు పెడితే విమానం నిలవాలి. నిలవలేదు, తోక కిందికి వాలింది. కావడి మోసినవాళ్లకు ఇది తెలుసు. బద్ద కొసన కొంచెం బరువు పెరిగినా చాలు.

తోకకు అబ్బాయి ఎర్ర రంగు మూడు పూతలు వేశాడు.

"రంగు గీకెయ్యరా."

"అందం పోతుందమ్మా!"

ముక్కుకు మట్టి పెట్టినా సరిపోతుంది. కానీ బరువు పెరుగుతుంది. తీయటమే మేలు. అబ్బాయి ముఖం ముడుచుకునే ఒక పక్క రంగు గీకాడు. రెండో పక్క ఉంచుకున్నాడు. మిగిలిన తేడాకు శనగగింజంత బంకమట్టి ముక్కుకు పెట్టాడు. ఈసారి వేళ్ల మీద నిలిచింది.

సముద్రం గాలి వీస్తోంది. గాలికి ఎదురుగా, ముక్కు కాస్త కిందికి ఉంచి, మెల్లగా వదిలాడు. పెద్ద విమానాలూ గాలికి ఎదురుగానే లేస్తాయి. విమానం తిన్నగా సాగింది. తూలింది, సర్దుకుంది. ఇంతలో గాలి దాన్ని ఎత్తుకుపోయి సరుగుడు చెట్టు కొమ్మల్లో పెట్టింది.

"అమ్మా, దోటి తే!" అని అరిచాడు అబ్బాయి. నిన్న పొద్దుటినుంచి వాడు అమ్మను "అమ్మా" అని నవ్వుతూ పిలవటం అదే.

అమ్మ అప్పటికే దోటికోసం ఇంటివైపు పరిగెత్తుతోంది.